ఎందుకో అడగొద్దు, ఎవరికో చెప్పండి
హక్కుల చరిత్ర: 9వ భాగం

కిందటి భాగం 1945 జూన్ 26 దగ్గర ఆగింది. ఆ రోజు శాన్‌ఫ్రాన్సిస్కోలో 50 దేశాల ప్రతినిధులు ఐక్యరాజ్యసమితి చార్టర్ మీద సంతకాలు చేశారు. ఆ చార్టర్‌లో మానవ హక్కుల ప్రస్తావన పలుచోట్ల వస్తుంది. ఆ హక్కులు ఏవో, ఎన్నో, మనిషికి అవి ఎక్కణ్నుంచి వచ్చాయో మాత్రం ఎక్కడా కనిపించదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంది అప్పటి పరిస్థితి.

ఆ తర్వాతి మూడేళ్ల కథను మామూలుగా సార్వత్రిక మానవ హక్కుల ప్రకటన మీద 1948 డిసెంబరు 10న పారిస్‌లో జరిగిన ఓటింగు కథగా చెబుతారు. నన్నడిగితే అది రెండు ప్రశ్నల కథ. మనిషికి హక్కులు ఎందుకు ఉన్నాయి అన్నది మొదటి ప్రశ్న. ఆ మనిషి లెక్కలోకి ఎవరెవరు వస్తారు అన్నది రెండోది. మొదటి ప్రశ్నను లోకంలోని పేరున్న తత్వవేత్తలు తలకెత్తుకున్నారు. జవాబు తేలలేదు, తేలకపోయినా పని ఆగలేదు. రెండో ప్రశ్న వేసినవాళ్లలో చాలామందికి సమావేశం గదిలోకి అడుగుపెట్టే అర్హతే లేదు. అయినా ప్రకటనకు ప్రాణం పోసింది ఆ రెండో ప్రశ్నే.

తత్వవేత్తలకు ఒక ప్రశ్నావళి

అందరూ ఒప్పుకునే హక్కుల పట్టిక రాయాలంటే ముందు దాని వెనకున్న తత్వం తేల్చుకోవాలని కొత్తగా పుట్టిన యునెస్కో అనుకుంది. దాని తొలి డైరెక్టర్ జనరల్ జూలియన్ హక్స్‌లీ జీవశాస్త్రవేత్త. 1947 మొదట్లో ఆయన సంస్థ పలు దేశాల ఆలోచనాపరులకు ప్రశ్నావళి పంపింది. హక్కులకు ఆధారం ఏమిటి? వ్యక్తి హక్కులకూ సమాజం హక్కులకూ పొత్తు ఎలా కుదురుతుంది? పాత ప్రకటనలు ఈ కాలానికి సరిపోతాయా? వచ్చిన జవాబులను జల్లెడ పట్టే కమిటీకి బ్రిటిష్ చరిత్రకారుడు ఈ.హెచ్. కార్ అధ్యక్షుడు.

మన దేశం నుంచి వెళ్లిన జవాబుల్లో ఒకటి గాంధీది. ఉత్తరం మీద తేదీ 1947 మే 25, చిరునామా ఢిల్లీలోని భంగీ కాలనీ. దేశం రెండు ముక్కలు కాబోతున్న రోజులవి. ఎప్పుడూ ఊళ్లు తిరుగుతూ ఉంటానని, పెద్ద వ్యాసం రాసే తీరిక లేదని మొదట్లోనే చెప్పేశారు. చదువురాకపోయినా తెలివైన తన తల్లి దగ్గర నేర్చుకున్న సంగతి ఒకటి రాశారు. ధర్మంగా చేయాల్సిన పని చేసినవాడికే హక్కు దక్కుతుంది, నిలుస్తుంది. బతికే హక్కు కూడా లోకపౌరుడిగా మన బాధ్యత నెరవేర్చినప్పుడే మనకు వస్తుంది అని ఆ ఉత్తరం సారాంశం. హక్కుల పట్టిక కావాలని అడిగినవాళ్లను ఆయన విధుల దగ్గర మొదలుపెట్టమన్నారు.

ఇటలీ తత్వవేత్త బెనెడెటో క్రోచే ఇంకో దారి పట్టారు. ఉదారవాదానికీ నియంతృత్వానికీ మధ్య అంతటి అగాధం ఉన్నప్పుడు ఇద్దరూ కలిసి సంతకం చేసే ప్రకటన బోలుగా ఉంటుందని ఆయన శంక. ముందు మానవ గౌరవానికి ఆధారమైన సూత్రాల మీద దేశదేశాల మధ్య బహిరంగంగా, పద్ధతిగా ఒక చర్చ జరగాలన్నారు. ప్రకటన తర్వాత సంగతి. బ్రిటిష్ సోషలిస్టు హెరాల్డ్ లాస్కీకి పాత ప్రకటనల్లోని వ్యక్తివాదం మీదే అనుమానం. చైనా నుంచి లో చుంగ్‌షు కన్ఫ్యూషియస్ సంప్రదాయం గురించి రాశారు. తర్వాత కాలంలో కేంద్రమంత్రి అయిన హుమాయూన్ కబీర్ ఇస్లామీయ సంప్రదాయం వైపు నుంచి రాశారు. నాగపూర్ ఆచార్యుడు ఎస్.వి. పుణతాంబేకర్ హిందూ, బౌద్ధ ఆలోచనల్లోంచి ఐదు స్వేచ్ఛలను, వాటికి జంటగా ఐదు సద్గుణాలను ముందుకు తెచ్చారు.

ఒకరికి హక్కు దేవుడిచ్చింది. ఇంకొకరికి ప్రకృతి ఇచ్చింది. మూడోవారికి అది చరిత్రలో పోరాడి గెలుచుకున్నది. నాలుగోవారికి విధి నెరవేర్చినందుకు దక్కిన ఫలం. ఆశ్చర్యం ఎక్కడంటే, పట్టిక దగ్గరికి వచ్చేసరికి ఇన్ని రకాల మనుషులూ దాదాపు ఒకే రకం హక్కులు రాశారు. ఈ జవాబుల సంపుటానికి ఫ్రెంచి క్యాథలిక్ తత్వవేత్త జాక్ మారితేన్ ముందుమాట రాశారు. బద్ధవిరోధులైన సిద్ధాంతుల మధ్య ఇంత ఏకాభిప్రాయం ఎలా కుదిరిందని యునెస్కో సమావేశంలో ఎవరో విస్తుపోతే, హక్కుల విషయంలో మాకు పేచీ లేదు, ఎందుకని మాత్రం అడగొద్దు అని జవాబు వచ్చిందట. ఎందుకు అన్న దగ్గరే తగాదా మొదలవుతుంది మరి.

యునెస్కో ఇంత శ్రమపడి పంపిన నివేదికను, ప్రకటన రాసే పని చేతిలో ఉన్న ఐరాస మానవ హక్కుల కమిషన్ పక్కన పెట్టేసింది. తమకు చెప్పకుండా తమ పనిలో వేలు పెట్టారని సభ్యులకు కోపం వచ్చింది. అదే 1947లో అమెరికన్ మానవశాస్త్రజ్ఞుల సంఘం కూడా ఓ హెచ్చరిక పంపింది. మెల్‌విల్ హెర్స్‌కోవిట్స్ చేతిమీదుగా తయారైన ఆ పత్రం నిలదీసింది ఒక్క సంగతే: మీరు రాసేది పశ్చిమ ఐరోపా, అమెరికా విలువల జాబితా కాకుండా మనుషులందరిదీ ఎలా అవుతుంది?

టీ తాగుతూ కన్ఫ్యూషియస్

కమిషన్ మొదటి సమావేశాలు 1947 జనవరి 27న న్యూయార్క్ దగ్గర లేక్ సక్సెస్‌లో మొదలయ్యాయి. అప్పటికి ఐరాసకు సొంత భవనం లేదు. యుద్ధకాలంలో సైనిక పరికరాలు తయారుచేసిన స్పెర్రీ కర్మాగారంలోనే సభ. 18 దేశాల ప్రతినిధులు. అధ్యక్షురాలు ఎలినార్ రూజ్‌వెల్ట్, ఉపాధ్యక్షుడు చైనా ప్రతినిధి పి.సి. చాంగ్, నివేదకుడు లెబనాన్‌కు చెందిన చార్లెస్ మాలిక్. భారతదేశం తరఫున హంసా మెహతా. మొత్తం సభ్యుల్లో ఆడవాళ్లు ఇద్దరే, రూజ్‌వెల్ట్, మెహతా.

చాంగ్, మాలిక్‌ల జోడీ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. చాంగ్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జాన్ డ్యూయీ శిష్యుడు, నాటక రచయిత, దర్శకుడు. పెకింగ్ ఒపేరా నటుడు మే లాన్‌ఫాంగ్ 1930లో అమెరికా వెళ్లి ప్రదర్శనలిచ్చినప్పుడు వెంట ఉండి సాయపడ్డారు. మాలిక్ హార్వర్డ్‌లో వైట్‌హెడ్ దగ్గర, ఫ్రైబర్గ్‌లో హైడెగర్ దగ్గర చదివిన తత్వవేత్త. ఒకాయనకు మనుషుల మధ్య సర్దుబాటు ముఖ్యం. ఇంకొకాయనకు సత్యం ముఖ్యం, అది ఒక్కటే అని నమ్మకం.

ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ ఈ ఇద్దరినీ, ఐరాస సచివాలయంలో మానవ హక్కుల విభాగం చూసే కెనడా న్యాయశాస్త్రవేత్త జాన్ హంఫ్రీనీ తన ఇంటికి టీకి పిలిచారు. ముసాయిదా ఎలా మొదలుపెట్టాలా అన్నది మాట్లాడుకోవాల్సిన విషయం. కప్పుల్లో టీ చల్లారేలోపే చర్చ సెయింట్ థామస్ అక్వినాస్ దాకా పోయింది. పరమసత్యం ఒక్కటే కాదు, సచివాలయంవాళ్లు కొన్ని నెలలపాటు కన్ఫ్యూషియస్‌ను చదివితే మంచిదని చాంగ్ సలహా ఇచ్చారు. ఆ మాటలు తలకు మించి ఎటో పోతుంటే తాను హాయిగా వెనక్కి వాలి వింటూ కూర్చున్నానని రూజ్‌వెల్ట్ తర్వాత రాసుకున్నారు.

హంఫ్రీ ఆ సలహా పాటించలేదు. ఆయన ఇంకో పని చేశారు. లోకంలోని రాజ్యాంగాలు, సంఘాలూ వ్యక్తులూ పంపిన హక్కుల పట్టికలు ముందేసుకుని, 48 అధికరణల మొదటి ముసాయిదా తయారుచేశారు. ఫ్రాన్సు ప్రతినిధి రెనే కసాన్ దాన్ని తిరగరాసి ఒక నిర్మాణం ఇచ్చారు. కసాన్ మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుడు, యూదుడు. నాజీల మారణకాండలో బంధువులను పోగొట్టుకున్న మనిషి.

గాంధీ చెప్పిన విధుల సంగతి ఈ తిరగరాతల్లో ఏమైంది? పూర్తిగా పోలేదు. సమాజం పట్ల ప్రతి ఒక్కరికీ విధులు ఉంటాయన్న వాక్యం ముసాయిదాల్లో మొదట్లో ఉండేది, చివరికి 29వ అధికరణలోకి చేరింది. వరసలో ఎక్కడుంది అన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. విధి ముందుంటే, నీ విధి నెరవేర్చలేదు కాబట్టి నీకు హక్కు లేదని ఏ ప్రభుత్వమైనా అనగలదు. గాంధీ ఆ మాటను మనిషి తనకు తాను చెప్పుకునే నియమంగా అన్నారు. అదే మాట పోలీసు నోట్లోకి వస్తే అర్థం తలకిందులవుతుంది.

దేవుడా, ప్రకృతా?

1948 శరత్కాలంలో సర్వసభ్య సమావేశం పారిస్‌లోని పాలే ద షాయో భవనంలో జరిగింది. ముసాయిదాను పంక్తి పంక్తీ చూసే బాధ్యత మూడో కమిటీది. దానికి అధ్యక్షుడు మాలిక్. ఎనభైకి పైగా సమావేశాలు, కుప్పలుగా సవరణలు. మొదటి అధికరణ దగ్గరే బండి ఆగిపోయింది.

మనుషులంతా స్వేచ్ఛగా, గౌరవంలోనూ హక్కుల్లోనూ సమానులుగా పుడతారనీ, వాళ్లకు వివేచన, అంతఃకరణ ఉన్నాయనీ ఆ అధికరణ అంటుంది. ఆ రెండింటినీ ఇచ్చింది ఎవరు? ముసాయిదా ప్రకృతి అంది. మనిషిని దేవుడు తన పోలికలో సృష్టించాడని చేర్చాలని బ్రెజిల్ పట్టుబట్టింది. సోవియట్ కూటమికి దేవుడు గిట్టడు. ప్రకృతి అన్నది దేవుణ్ని పక్కకు నెట్టడమేనని మరికొందరికి అభ్యంతరం.

ముడి విప్పింది చాంగ్. మానవజాతిలో చైనావాళ్లు పెద్ద భాగం, మా నమ్మకాలు మీ క్రైస్తవ పడమటి దేశాల నమ్మకాలు కావు, అయినా మా కన్ఫ్యూషియస్‌ను ఇందులో పెట్టమని మేం అడగడం లేదు. మీరూ అలాగే ఆగండి అని ఆయన వాదన. బ్రెజిల్ తన సవరణ వెనక్కి తీసుకుంది. ప్రకృతి కూడా వాక్యంలోంచి వెళ్లిపోయింది. ఇచ్చినవాడి పేరు లేకుండా, ఇచ్చిన సంగతి మాత్రం మిగిలింది.

ఇది తప్పించుకోవడమే అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. పునాది చూపించలేని ఇంట్లో ఎవరుంటారని ప్రశ్న. కానీ ఆ ఖాళీ చేసిన పని చూడాలి. విశ్వాసి దేవుడి పేరుతో, మార్క్సిస్టు శ్రమ పేరుతో, గాంధేయవాది ధర్మం పేరుతో ఆ వాక్యాన్ని సమర్థించుకోవచ్చు. ఎవరి కారణం వాళ్లది. తన కారణాన్ని చూపించి ఇంకొకరిని ఆ వాక్యంలోంచి బయటికి నెట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫరుల్లా ఖాన్ మతం మార్చుకునే స్వేచ్ఛను ఖురాన్ ఆధారంగానే సమర్థించారు. సౌదీ ప్రతినిధి జమీల్ బరూదీ అదే స్వేచ్ఛను ఇస్లాం పేరుతోనే వ్యతిరేకించారు. ఒకే మతం, రెండు వాదనలు, ఒకే సభ. ప్రకటన పునాదిని ముందే ఒకరి పేర రాసేసి ఉంటే ఆ వాదులాటకు చోటే ఉండేది కాదు.

గదిలో ఉన్నవాళ్ల ప్రశ్న

ఎందుకు అన్న ప్రశ్నను పక్కన పెట్టారు సరే. ఎవరికి అన్న ప్రశ్న మాత్రం వదల్లేదు.

హంసా మెహతా 1897లో సూరత్‌లో పుట్టారు. జాతీయోద్యమంలో జైలుకు వెళ్లారు. అఖిల భారత మహిళా సమావేశానికి అధ్యక్షురాలిగా పనిచేశారు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి రాజ్యాంగ సభకు భారత మహిళల తరఫున జాతీయపతాకాన్ని అందించింది ఆమే. కమిషన్‌లో ముసాయిదా మొదటి వాక్యం చూడగానే ఆమె అడ్డం తిరిగారు. ఇంగ్లీషులో పురుషులకు వాడే మాటనే మనుషులందరికీ వాడారు అక్కడ. అందులో ఆడవాళ్లూ ఉన్నట్టే కదా అని రూజ్‌వెల్ట్ మొదట తేలిగ్గా తీసుకున్నారు. ఆమెకు అందులో కపటం కనిపించలేదు. మెహతాకు మాత్రం తర్వాత జరగబోయేది కనిపించింది: ఆ మాటను అడ్డం పెట్టుకుని ఆడవాళ్లను బయట ఉంచే ప్రభుత్వాలు ఉంటాయి. మహిళల స్థితిగతుల కమిషన్ కూడా ఆమెతో గొంతు కలిపింది. చివరికి ఆ మాట పోయి, మనుషులందరినీ కలుపుకునే మాట వచ్చింది.

పారిస్‌లో ఆ పని ఇతరులు కొనసాగించారు. పీఠికలో స్త్రీపురుషుల సమాన హక్కులు అని విడిగా ఉండాల్సిందేనని డొమినికన్ రిపబ్లిక్ ప్రతినిధి మినర్వా బెర్నార్డినో నిలబడ్డారు. మన దేశం నుంచి లక్ష్మీ మీనన్ ఉన్నారు. వివాహం గురించిన 16వ అధికరణ బాల్యవివాహాలనూ, ఇష్టం లేని పెళ్లిళ్లనూ ఆపడానికేనని పాకిస్తాన్ ప్రతినిధి బేగం షాయిస్తా ఇక్రముల్లా వాదించారు. మానవ హక్కులు పడమటి దేశాలు అంటగట్టిన సరుకు అనేవాళ్లు ఈ పేర్లను ఎందుకో తలుచుకోరు.

గది బయట ఉన్నవాళ్ల ప్రశ్న

ఇప్పుడు 1946కు వెనక్కి వెళ్దాం. చార్టర్ పీఠికకు తొలి ముసాయిదా రాసి, అందులో మానవ హక్కుల మాట చేర్చింది దక్షిణాఫ్రికా ప్రధాని జాన్ స్మట్స్. ఆయన దేశంలో నల్లజాతివాళ్లలో అత్యధికులకు ఓటు లేదు. 1946లో ఆయన ప్రభుత్వమే భారతీయులు ఎక్కడ భూమి కొనాలో, ఎక్కడ ఉండాలో గిరి గీస్తూ చట్టం తెచ్చింది. దాన్ని అక్కడివాళ్లు ఘెట్టో చట్టం అన్నారు.

ఈ భారతీయుల్లో మనవాళ్లు ఉన్నారు. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు రేవు నుంచి మొదటి ఒప్పంద కూలీలను డర్బన్‌కు చేర్చింది. 1911 దాకా నాటాల్ చెరుకు తోటలకు సుమారు లక్షన్నర మంది వెళ్లారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల పిల్లలూ మనవలూ 1931లో ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు. 1946 జూన్‌లో డర్బన్‌లో ఘెట్టో చట్టానికి ఎదురుగా సత్యాగ్రహం మొదలైంది.

ఆ ఏడాదే భారతదేశం ఈ విషయాన్ని ఐరాసకు తీసుకెళ్లింది. ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. మన ప్రతినిధి బృందానికి విజయలక్ష్మీ పండిట్ నాయకురాలు. ఇది మా ఇంటి విషయం, చార్టర్ ప్రకారమే మీరు జోక్యం చేసుకోకూడదు అన్నది స్మట్స్ వాదన. మనిషిని మనిషిగా చూడకపోవడం ఏ దేశానికీ ఇంటి విషయం కాదన్నది మన వాదన. 1946 డిసెంబరు 8న 32 దేశాలు మన వైపు, 15 అటు వైపు ఓటు వేశాయి. 7 తటస్థంగా ఉన్నాయి. మూడింట రెండు వంతుల మెజారిటీ వచ్చింది. హక్కుల పట్టిక ఇంకా రాయకముందే, ఒక ప్రభుత్వం తన మనుషులతో ఎలా వ్యవహరిస్తోందో లోకం ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఈ గెలుపుకు ముందే ఐరాస గుమ్మం వైపు చూస్తున్నవాళ్లు మరికొందరు ఉన్నారు. 1946లోనే అంబేడ్కర్ అమెరికాలోని నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. నేషనల్ నీగ్రో కాంగ్రెస్ ఐరాసకు అర్జీ పెట్టిందని విన్నాను, దాని ప్రతులు పంపండి, అంటరానివాళ్ల తరఫున మేమూ అలాంటిదే పెట్టాలని ఆలోచిస్తున్నాం అని దాని సారాంశం. జూలై 31న డుబోయిస్ అర్జీ జతచేసి జవాబిచ్చారు. దక్షిణాఫ్రికా మీద భారతదేశం నెగ్గిన ఏడాదే, ఆ భారతదేశం మీదే అర్జీ పెట్టాలని ఆలోచించిన భారతీయుడు ఉన్నాడు. ఈ రెండింటి మధ్య ఉన్నది వైరుధ్యం కాదు. ఎవరికి అన్న ప్రశ్న నిజాయితీగా అడిగితే అది అడిగినవాడి ఇంటికీ వస్తుంది.

డుబోయిస్ సంపాదకత్వంలో ఎన్‌ఏఏసీపీ అనే నల్లజాతి హక్కుల సంస్థ మరో అర్జీ తయారుచేసి 1947 అక్టోబరు 23న ఐరాసకు అందించింది. అమెరికాలో నల్లవాళ్ల మీద మూకహత్యలు, ఓటు నిరాకరణ, బడుల్లో వేర్పాటు, అన్నీ ఆధారాలతో ఉన్నాయి అందులో. కమిషన్ దాన్ని చర్చకు తీసుకోలేదు. ఎందుకంటే ఫిర్యాదుల మీద ఏ చర్యా తీసుకునే అధికారం తనకు లేదని కమిషన్ తన మొదటి సమావేశాల్లోనే తీర్మానించుకుంది. ఆ కమిషన్ అధ్యక్షురాలు రూజ్‌వెల్ట్ స్వయానా ఎన్‌ఏఏసీపీ బోర్డు సభ్యురాలు. తన దేశాన్ని సోవియట్ ప్రతినిధులు వేలెత్తి చూపడం ఆమె ప్రభుత్వానికి ఇష్టం లేదు. సోవియట్ ప్రతినిధులకు తమ శిబిరాల సంగతి ఎత్తడం ఇష్టం లేదు. వలసలున్న బ్రిటన్, ఫ్రాన్సులకు అసలే ఇష్టం లేదు. ఈ ఒక్క విషయంలో అందరికీ చక్కగా కుదిరింది.

తత్వవేత్తలు భయపడింది ఎందుకు అన్న దగ్గర. ప్రభుత్వాలు భయపడింది ఎవరికి అన్న దగ్గర. ఏది పదునైన ప్రశ్నో ఇక్కడే తెలిసిపోతుంది.

ఓటు, దాని మర్నాడు

1948 డిసెంబరు 10 రాత్రి ప్రకటన ఓటుకు వచ్చింది. అప్పటికి ఐరాసలో సభ్యదేశాలు 58. అనుకూలంగా 48. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. 8 దేశాలు తటస్థం: సోవియట్ యూనియన్‌తో పాటు దాని కూటమిలోని ఉక్రెయిన్, బెలారస్, పోలండ్, చెకోస్లొవేకియా, అప్పటికే స్టాలిన్‌తో చెడిన యుగోస్లావియా, ఇంకా సౌదీ అరేబియా, దక్షిణాఫ్రికా. చార్టర్‌లో హక్కుల మాట రాసిన స్మట్స్ అప్పటికి గద్దె దిగిపోయాడు. ఆ ఏడాదే ఎన్నికల్లో గెలిచిన నేషనల్ పార్టీ వర్ణవివక్షను రాజ్యవిధానం చేసుకుంటోంది. ఆఫ్రికా ఖండం మొత్తం మీద ఆ రోజు సభ్యత్వం ఉన్నవి నాలుగే దేశాలు: ఈజిప్టు, ఇథియోపియా, లైబీరియా, దక్షిణాఫ్రికా.

30 అధికరణలు. వాటిని అమలుచేసే యంత్రాంగం మాత్రం లేదు. ఇది మరిచిపోయి జరిగింది కాదు. 1947 డిసెంబరులో జెనీవాలో కమిషన్ పనిని మూడు బృందాలు పంచుకున్నప్పుడు, అమలు గురించి ఆలోచించే బృందానికి హంసా మెహతాయే అధ్యక్షురాలు. అంతర్జాతీయ మానవ హక్కుల న్యాయస్థానం పెట్టాలని ఆస్ట్రేలియా అడిగింది. పెద్ద దేశాలు వద్దనుకున్నాయి.

అదే రోజుల్లో ఢిల్లీలో ఇంకో సభ నడుస్తోంది. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభ అంటరానితనాన్ని రద్దుచేసే అధికరణను ఆమోదించింది. సభలో మహాత్మా గాంధీకీ జై అని నినాదాలు వచ్చాయి. డిసెంబరు 9న, అంటే పారిస్ ఓటింగుకు ముందురోజు, హక్కులకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టే అధికరణ చర్చకు వచ్చింది. ఇప్పుడది 32వ అధికరణ. రాజ్యాంగానికి గుండె, ఆత్మ రెండూ అదేనని అంబేడ్కర్ అన్నది ఆ రోజే. పారిస్ సభ హక్కు ఏమిటో చెప్పి ఊరుకుంది. ఢిల్లీ సభ హక్కు పోయినవాడు ఎక్కడికి వెళ్లాలో కూడా చెప్పింది. రెండేళ్ల కిందట న్యూయార్క్‌కు అర్జీ పంపాలని ఆలోచించిన మనిషి, అర్జీ తీసుకునే గుమ్మాన్ని తన దేశంలోనే కట్టాలని పట్టుబట్టాడు.

ఆ గుమ్మం ఉన్నంతమాత్రాన పని అయిపోదని తర్వాతి చరిత్ర చూపించింది. 2001 ఆగస్టు చివర్లో జాతివివక్షకు వ్యతిరేకంగా ఐరాస ప్రపంచ సదస్సు జరిగింది, అదీ డర్బన్‌లో. దళిత కార్యకర్తలు పెద్దసంఖ్యలో వెళ్లారు, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. కులవివక్షను కూడా సదస్సు తీర్మానంలో చేర్చాలని అడిగారు. కులం, జాతి ఒకటి కావని, ఇది తమ అంతర్గత వ్యవహారమని భారత ప్రభుత్వం వాదించింది. తుది పత్రంలో కులం మాట చేరలేదు. 1946లో ఇంటి విషయం అన్న స్మట్స్ వాదనను ఓడించిన దేశం, 55 ఏళ్లకు అదే వాదనను తానే ఎత్తుకుంది. అయితే గదిలోకి రానివ్వకపోయినా ఆ ప్రశ్నను లోకమంతా విన్నది. జవాబు చెప్పను అనడానికి కూడా ఒక ప్రభుత్వం అందరి ఎదుట నిలబడి కారణాలు చెప్పుకోవాల్సి వచ్చింది.

మానవ హక్కుల తాత్విక అర్థం ఏమిటని అడిగితే నాకు కనిపించే జవాబు ఈ మూడేళ్ల కథలోనే ఉంది. హక్కు ఎవరో ఇచ్చిన వస్తువు కాదు. నన్ను ఎందుకు లెక్కలోకి తీసుకోలేదో చెప్పమని నిలదీయడానికి మనిషికి ఉన్న చోటు అది. బహిరంగ చర్చ ఆ హక్కుకు అలంకారం కాదు, అదే దాని ఊపిరి. క్రోచే ముందు చర్చ, తర్వాత ప్రకటన అన్నారు. జరిగింది తిరగబడి జరిగింది: ప్రకటన వచ్చింది, అసలు చర్చ దానివల్ల మొదలైంది. మెహతా ఒక్క మాట మీద అభ్యంతరం చెప్పకపోతే, డుబోయిస్ తిప్పికొడతారని తెలిసీ అర్జీ ఇవ్వకపోతే, ఆ 30 అధికరణలు మంచి గుమాస్తా రాసిన మంచి కాగితంగా మిగిలేవి. మానవశాస్త్రజ్ఞులు అడిగిన ప్రశ్నకు కూడా జవాబు ఇదే. ఆ పత్రం అందరిదీ అయింది అందరి విలువలూ అందులో ఉన్నందుకు కాదు, అందులో చోటు దొరకనివాళ్లు కూడా దాన్నే చేతబట్టి వాదించగలిగినందుకు. ఆ అమెరికన్ సంఘమే 1999లో తన పాత వైఖరి మార్చుకుని మానవ హక్కుల వైపు నిలబడింది.

కాగితంలోని హక్కులు ఒప్పందాల రూపంలో ఐరాస ఆమోదం పొందడానికి మరో 18 ఏళ్లు పట్టింది. ఒక్క ఒప్పందంగా అనుకున్నది చివరికి 1966లో రెండుగా వచ్చింది, పౌర రాజకీయ హక్కులకు ఒకటి, ఆర్థిక సామాజిక సాంస్కృతిక హక్కులకు ఇంకొకటి. ఓటు ముందా, కూడు ముందా అన్న ఆ తగువు, అందులో కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన ఆసియా, ఆఫ్రికా దేశాల పాత్ర వచ్చే భాగంలో.